ముద్ర పడని వేళ్లు

గుర్తింపు అన్న ఒక్క తెలుగు మాటకు మా ఇళ్లలో రెండు మాటలున్నాయి. ఒకటి పెహచాన్, రెండోది షినాఖ్త్. ఫలానా వారి కోడలు, పీర్ల చావిడి పక్కిల్లు, ఆ నడక, ఆ గొంతు అంటూ మనిషిని మనిషి ఎరగడం పెహచాన్. వరసగా నిలబెట్టి వీళ్లలో ఎవరో చెప్పమనడం షినాఖ్త్. ఉర్దూ పత్రికలు ఐడెంటిటీ కార్డును షినాఖ్తీ కార్డ్ అనే రాస్తాయి. తెలుగులో రెండూ కలిసిపోయి గుర్తింపు అయ్యాయి. మేం అస్తిత్వం గురించి కవిత్వం రాసినా, కథలు రాసినా రాసింది పెహచాన్ గురించి. షినాఖ్త్ గురించి రాసింది ఇంజనీర్లు, కమిటీలు, కంపెనీలు. వాళ్లూ రచయితలే. వాళ్ల రచనలకు మా కవిత్వానికి లేనంత బలం ఉంది. ఒక ఇంట్లో ఈ నెల పొయ్యి వెలగాలా వద్దా అన్నది ఆ రచనలు తేలుస్తాయి. కాబట్టి వాటిని కూడా విమర్శకుల కళ్లతో చదవాల్సిందే.

చదవడానికి ముందు హనుమంతునిపాడులోనో, ఆ చుట్టుపక్కల ఏ పల్లెలోనో నెల మొదట్లో రేషన్ షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. డీలర్ ఈ-పాస్ మిషన్ ముందుకు జరుపుతాడు. యాభై దాటిన ఆమె బొటనవేలు పెడుతుంది. పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. చూపుడువేలు పెట్టమంటారు, ఎడమచెయ్యి పెట్టమంటారు, తడిగుడ్డతో తుడవమంటారు, తలనూనె కాస్త వేలికి రాసుకోమంటారు. వెనక క్యూలో గొణుగుడు మొదలవుతుంది. మా పశ్చిమ ప్రకాశంలో చేతులు చేసే పనులేమిటో అందరికీ తెలిసిందే. మార్కాపురం పలకల పనిలో రాయి చీల్చి, అరగదీసి అరిగిన చేతులు. కనిగిరి వైపు పొగాకు కొట్టి, గుచ్చి, గ్రేడు చేసి జిగురుకు నల్లబడ్డ చేతులు. వానల్లేక హైదరాబాదుకో బెంగళూరుకో పోయి సిమెంటు కలిపిన చేతులు. దూది ఏకి, పరుపులు కుట్టిన చేతులు. ఈ చేతుల్లో హిందూ ముస్లిం తేడా లేదు, అరుగుదలకు మతం లేదు. కానీ ఒక మాట గమనించండి. క్యూలో అందరూ 'ఆమెకు వేలు పడటం లేదు' అంటారు. 'మిషన్‌కు చదవడం రావటం లేదు' అని ఒక్కరూ అనరు. తప్పు ఎవరిదో ఆ వాక్యమే తేల్చేసింది. ఆ వాక్యం ఎక్కడ పుట్టిందో వెతకడమే మా పని.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి, రాజ్యధర్ కోనాయి అనే కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం వెనక అరచేతి ముద్ర వేయించాడు. రేపు సంతకం నాది కాదంటాడేమోనని. అంటే మొట్టమొదటి ముద్రే అపనమ్మకంలోంచి పుట్టింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. లక్షల ముద్రల్లోంచి కావాల్సిన ముద్రను వెతికి తీసే వర్గీకరణ లేకపోతే ఆ బ్యూరో కాగితాల గుట్టగానే మిగిలేది. 1024 గళ్లలో ముద్రలను సర్దే లెక్క కట్టింది కాజీ అజీజుల్ హక్ అనే పోలీసు ఉద్యోగి. ఆయనతో పాటు పనిచేసింది హేమచంద్ర బోస్. ప్రపంచం ఆ పద్ధతిని పిలిచేది వాళ్లిద్దరి పై అధికారి పేరుతో, హెన్రీ పద్ధతి అని. హక్‌కు తర్వాత ఖాన్ బహాదుర్ బిరుదు దక్కింది. పద్ధతి మీద పేరు మాత్రం దక్కలేదు. కోట్ల మంది ఎవరో తేల్చే సాధనాన్ని తయారుచేసిన మనిషే పేరు పోగొట్టుకున్నాడు.

1911 నాటి నేరస్థ తెగల చట్టం ఈ ముద్రను మొత్తం కులాల మీదికి తెచ్చింది. స్టూవర్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టి ఎరుకలవాళ్లను కాపలాలో ఉంచిన కాలం అది. తెలుగు దస్తావేజుల్లో చదువు రానివాళ్ల గీతను, వేలిముద్రను నిశాని అని రాసేవాళ్లు. అదీ మా భాషలోంచి వెళ్లిన మాటే. దస్తఖత్ పెట్టేవాడు పెద్దమనిషి, నిశాని వేసేవాడు అంగూఠా ఛాప్. ఇప్పుడు కలెక్టరు నుంచి కూలీ దాకా అందరూ నిశానీదారులే కాబట్టి సమానత్వం వచ్చిందనేవాళ్లున్నారు. కలెక్టరు వేలు పడకపోతే ఓటీపీ వస్తుంది, ఇంకో కార్డు ఉంటుంది, ఫోన్ చేస్తే పని జరుగుతుంది. కూలీ వేలు పడకపోతే బియ్యం రావు.

ఇక అసలు రచనల దగ్గరికి వద్దాం. 2009లో ఉడాయ్ ఏర్పడింది. ఆ ఏడాదే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ అధిపతి బి.కె. గైరోలా అధ్యక్షతన బయోమెట్రిక్స్ ప్రమాణాల కమిటీ వేశారు. ఆ నివేదిక నిజాయితీ ఉన్న రచన, ఒప్పుకోవాలి. అది రెండు విషయాలు దాచకుండా చెప్పింది. ఐదు కోట్ల మంది ముద్రల మీద పనిచేసిన పద్ధతి వంద కోట్లకు పెంచితే ఎలా ఉంటుందో తగినంతగా లెక్క చూడలేదని ఒకటి. కచ్చితత్వం అన్నింటికంటే ఎక్కువ ఆధారపడేది ముద్ర నాణ్యత మీద అయితే, ఆ నాణ్యతను భారతీయ పరిస్థితుల్లో లోతుగా ఎవరూ అధ్యయనం చేయలేదని రెండోది. ఆడవాళ్లు పెట్టుకునే గోరింటాకు ముద్రను దెబ్బతీయొచ్చని కూడా అందులో ఉంది. ఆ మొక్కకు శాస్త్రీయమైన లాటిన్ పేరు కూడా రాశారు. రంజాన్ చాంద్‌రాత్ నాడు మా ఆడపిల్లల చేతులెక్కే మెహందీ, ఆషాఢంలో పక్కింటి ఆడపిల్లల చేతులెక్కే గోరింటాకు ఆ నివేదికలో ఒక సాంకేతిక సమస్యగా ప్రవేశించాయి. ఇంతవరకూ మాకు అభ్యంతరం లేదు. మా చేతుల్ని చూశారు కదా అనుకున్నాం. ఇన్ని అనుమానాలు రాసుకున్న కమిటీ, వాటిని తీర్చుకున్నాకే ముందుకు పోవాలని ఎందుకు అనలేదన్నది మా ప్రశ్న. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, బీహార్, ఒరిస్సా నుంచి తెచ్చిన వేలిముద్రలను చూసి, జాగ్రత్తగా తీసుకుంటే ఫర్వాలేదన్న నమ్మకానికి వచ్చింది. 2010 మార్చి తర్వాత ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, బీహార్ పల్లెల్లో ప్రయోగాత్మకంగా నమోదు చేసి చూశారు. ఆ సెప్టెంబరుకల్లా మహారాష్ట్రలో మొదటి ఆధార్ చేతికిచ్చారు.

ప్రమాణాలు అక్కర్లేదని మేం అనం. ఉమ్మడి ప్రమాణం లేని రోజులు మన రాష్ట్రానికి బాగా తెలుసు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కార్డుల కోసం ఊరూరా కళ్లకు ఫొటోలు తీశారు. ఐరిస్ కార్డులని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత పింఛన్లకు, ఉపాధి కూలికి బ్యాంకుల తరఫున వేలిముద్రలతో స్మార్ట్ కార్డులొచ్చాయి. ఆధార్ వచ్చాక మళ్లీ కళ్లు, మళ్లీ పది వేళ్లు మొదటినుంచి ఇవ్వాల్సి వచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 19794 వరస తెచ్చింది ఇందుకే: వేలిముద్ర, ముఖం, కనుపాప ఏ రూపంలో దాచాలి, ఏ కంపెనీ మిషన్ తీసినా ఇంకో కంపెనీ మిషన్ చదవగలగాలి అని. దాని మేలు మా వలస కూలీలకు అందింది. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య రేషన్ ఎక్కడైనా తీసుకునే ఏర్పాటు మొదలైంది కాబట్టి హనుమంతునిపాడు కార్డుతో హైదరాబాదులో బియ్యం తీసుకోవచ్చు. మిషన్లన్నీ ఒకే భాష మాట్లాడకపోతే ఇది జరిగేది కాదు. స్మార్ట్ కార్డుల మీద ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాల్లో, 157 మండలాల్లో కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. కూలి డబ్బు త్వరగా అందిందని, దారిలో కారిపోవడం తగ్గిందని తేల్చింది. మేం దాన్ని కాదనం. అయితే అప్పట్లో కార్డు లేనివాళ్లకు కూడా డబ్బు ఇచ్చేవాళ్లు, మిషన్ కాదంటే అక్కడితో దారి మూసుకుపోలేదు. పొగిడేవాళ్లు ఈ ముక్క వదిలేసి పొగుడుతారు. ఆ 8 జిల్లాల్లో ప్రకాశం లేదన్నది ఇంకో సంగతి.

ఇప్పుడు సర్టిఫికెట్. ఆధార్‌తో పనిచేసే వేలిముద్రల మిషన్‌కు కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద ఉన్న ఎస్‌టీక్యూసీ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. బొమ్మ అంగుళానికి 500 చుక్కల నాణ్యతతో వస్తోందా, ముద్రను చెప్పిన రూపంలో పంపుతోందా, వేడినీ తేమనూ తట్టుకుంటుందా అని చూస్తారు. 2017 నుంచి రిజిస్టర్ చేసిన మిషన్లే వాడాలన్నారు. తీసిన ముద్రను మిషన్ దగ్గరే తాళం వేసి పంపాలి, పాత ముద్రను దాచిపెట్టి మళ్లీ వాడకుండా. ఇవన్నీ కావాల్సినవే. కానీ ఆ సర్టిఫికెట్ ఎవరి గురించి మాట్లాడుతోంది? మిషన్ గురించి. పెట్టిన వేలు ఎవరిదో, ఆ వేలి వయసెంతో, అది ఏం పని చేస్తుందో దానికి అక్కర్లేదు. పరికరం పాసయింది కాబట్టి ఇక ఫెయిలయ్యేది మనిషేనన్న తర్కం అక్కడే తయారవుతుంది. క్యూలో మనం విన్న వాక్యానికి అదే పుట్టినిల్లు.

అంతర్జాతీయ ప్రమాణం నిజానికి ఇంత గుడ్డిది కాదు. బయోమెట్రిక్ పరీక్షలు ఎలా చేయాలో చెప్పే 19795 ప్రమాణం 2006లోనే వచ్చింది. మూడు రకాల పరీక్షలని అందులో ఉంది. దాచిపెట్టిన బొమ్మలతో గదిలో కూచుని చేసేది ఒకటి. మనుషులను పిలిచి, వాడకంలాంటి సన్నివేశం కల్పించి చేసేది రెండోది. నిజంగా వాడేచోట, నిజంగా వాడే జనంతో చేసేది మూడోది. మొదటిదాంట్లో వచ్చిన మార్కులు మూడోదాంట్లో వస్తాయని హామీ లేదు. పరీక్షకు వచ్చిన మనుషులెవరో కూడా చెప్పాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, తప్పులు రెండు రకాలు. వేరేవాడి వేలిని నీదే అనడం ఒక తప్పు, నీ వేలిని నీది కాదనడం ఇంకో తప్పు. మిషన్ ఎప్పుడూ అవును కాదు అని చెప్పదు, పోలికకు మార్కులేస్తుంది. ఎన్ని మార్కులకు పాస్ అన్నది మనుషులు పెట్టిన గీత. గీత పైకి జరిపితే దొంగలు తగ్గుతారు, నిజమైనవాళ్లు కూడా బయటపడతారు. కిందికి జరిపితే అటుదిటు. గీత ఎక్కడ గీయాలన్నది ఇంజనీరింగ్ ప్రశ్న కాదు. దొంగతనం ఆపడం ముఖ్యమా, ఆకలి ఆపడం ముఖ్యమా అని ఒక సమాజం తనను తాను అడగాల్సిన ప్రశ్న అది. మమ్మల్నెవరూ అడగలేదు. రేషన్ షాపు ముందు నిలబడ్డ ఆమెను అసలే అడగలేదు.

ఊరి సంతలో కాటాకు ఇంతకంటే గౌరవం ఉంది. తూనికలు కొలతల శాఖ కాటాను పరీక్షించి ముద్ర వేస్తుంది, గడువు దాటితే మళ్లీ వేయించుకోవాలి. కాటా తక్కువ తూగితే కేసు వర్తకుడి మీద పడుతుంది. కొన్నవాడి మీద, నీ కందులే తేలిగ్గా ఉన్నాయని, ఎవరూ కేసు పెట్టరు. వేలిముద్రల కాటాలో మాత్రం తప్పు తూకానికి శిక్ష కొనేవాళ్లకే.

లెక్కలు చూద్దాం. 2016-17 ఆర్థిక సర్వేలో వేలిముద్రలు ఫెయిలయ్యే అంచనాలు ఇచ్చారు: జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37, గుజరాత్‌లో 6, మన కృష్ణా జిల్లాలో 5. 5 శాతమే కదా అని మన పాలకులు సంతోషించారు. ఒక షాపులో 600 కార్డులున్నాయనుకుంటే 5 శాతం అంటే 30 కార్డులు. ముప్పై ఇళ్లంటే ఒక చిన్న వాడ. అదీ కాలువ నీళ్లు, సెల్ టవర్లు ఉన్న కృష్ణా జిల్లా లెక్క. మా మెట్ట పల్లెల లెక్క ఆ సర్వేలో లేదు. 2018లో సుప్రీంకోర్టు ముందు ఉడాయ్ అధికారులు చూపించిన వివరాల్లో ప్రభుత్వ సేవల్లో ఆధార్ ధ్రువీకరణ సఫలమయ్యేది 88 శాతం. టెలిఫోన్ కంపెనీల్లో 97. సిమ్ కార్డు కొనేవాడి వేలు పడుతుంది, పింఛను తీసుకునేవాడి వేలు పడదు. ఈ తేడా వేళ్లలో ఉందా, వర్గంలో ఉందా? ఆ ఏడాది సెప్టెంబరు 26న ఐదుగురు జడ్జీల బెంచిలో నలుగురు ఆధార్ చట్టాన్ని చాలావరకు నిలబెట్టారు, జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరే విభేదించారు. ముద్ర పడలేదని ఎవరికీ హక్కు పోకూడదని నిలబెట్టినవాళ్లు కూడా అన్నారు. కోర్టు మాట ఢిల్లీ నుంచి హనుమంతునిపాడు వచ్చేసరికి డీలర్ చేతిలో పడుతుంది.

కాగ్ నివేదిక ఇంకా సూటిగా మాట్లాడింది. 2022 ఏప్రిల్‌లో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆ నివేదిక ప్రకారం 2018-19లో 3.04 కోట్ల బయోమెట్రిక్ మార్పుల్లో 73 శాతానికి పైగా జనం తమంతట తాము, ఫీజు కట్టి చేయించుకున్నవి. మొదట తీసినప్పుడే ముద్రలు సరిగా తీయలేదన్నమాట. తీసింది వాళ్లు, దిద్దించుకునే ఖర్చు మనది. ఆ ఖర్చులో బస్సు చార్జీ, పోయిన కూలి లేవు.

ఆంధ్రలో కొన్నాళ్లు ఒక చిత్రమైన పద్ధతి నడిచింది. ముద్ర పడనివాళ్ల బదులు వీఆర్వో తన వేలు పెట్టి బియ్యం ఇప్పించేవాడు. ఈమె నాకు తెలుసు అని చెప్పడానికి ఒక మనిషి వేలు. షినాఖ్త్ చేతకాక వెనక తలుపులోంచి పెహచాన్‌ను పిలిచారన్నమాట. ఉండాల్సిన పద్ధతే. కానీ అది హక్కుగా గోడ మీద రాసి ఉండాలి కదా, వీఆర్వో దయగా కాదు.

రెండోవైపు చూస్తే, దొంగ వేళ్లకు మాత్రం మిషన్ తలుపు తీసింది. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను తీసుకుని రబ్బరు వేళ్లు తయారుచేసి, వేల సిమ్ కార్డులు తెరిచిన కేసు బయటపడింది. పలకల కార్మికుడి సొంత వేలును కాదన్న వ్యవస్థ రబ్బరు వేలును అవునంది. 2023 ఫిబ్రవరిలో ఉడాయ్ కొత్త కాపలా పెట్టింది: ముద్రలోని చుక్కలతో పాటు వేలి బొమ్మనూ చూసి, పెట్టింది ప్రాణమున్న వేలేనా అని తేల్చడం. మంచిదే. నకిలీ వేళ్ల పరీక్షలకు 30107 అనే ప్రమాణం ఉంది. నకిలీని అసలు అన్న తప్పునూ, అసలును నకిలీ అన్న తప్పునూ రెండింటినీ లెక్క చెప్పాలని అది అంటుంది. మొదటిదాన్ని ఆపామని గొప్పగా చెప్పుకుంటారు. రెండోదాని లెక్క కూడా, పల్లెపల్లెకూ, మాకు కావాలి. బతికున్న వేలికి ప్రాణం లేదన్న తీర్పు ఎన్నిసార్లు వచ్చింది?

ముఖం దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. వేలు పడనివాళ్లకు ముఖంతో గుర్తింపు వచ్చిందని ఊరటపడే లోపే అదే ముఖం పోలీసుల చేతికి పోయింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019 డిసెంబరులో ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్లను పరీక్షించి, చాలావాటిలో ఆసియా, ఆఫ్రికా మూలాలవాళ్ల ముఖాలను ఒకరిని ఇంకొకరుగా పొరబడటం తెల్లవాళ్లతో పోలిస్తే పది నుంచి వంద రెట్లు ఎక్కువని ప్రకటించింది. ఆ దేశపు సర్కారీ సంస్థే పేర్లతో సహా చెప్పింది. హైదరాబాదులో 2021లో లాక్‌డౌన్ రోజుల్లో పోలీసులు ఆపి, మాస్కు తీయించి ఫొటో తీసుకుంటే, ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త దానిమీద తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. అదే ఏడాది సమాచార హక్కు కింద ఢిల్లీ పోలీసులిచ్చిన జవాబులో 80 శాతం పోలిక వస్తే సరిపోయినట్టే లెక్క అని ఉంది. పాస్ మార్కు గీత గుర్తుందా? బియ్యం దగ్గర గీత ఎంత పైనున్నా మమ్మల్నే తప్పుబడతారు, నిందితుల జాబితా దగ్గర గీత కిందికి దిగుతుంది. రేషన్ షాపులో మేం మేమేనని నిరూపించుకోవాలి, చార్మినార్ దగ్గర మేం ఇంకొకరం కాదని నిరూపించుకోవాలి. రేషన్ మిషన్‌కు కనీసం ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉంది. పోలీసులు కొనే ముఖ గుర్తింపుకు ముందు ఏ పరీక్షా పాసై రావాలన్న చట్టం లేదు. పాతబస్తీ ముఖాల మీద, గడ్డాల మీద, నఖాబ్ పక్కకు తీసిన ముఖాల మీద అది ఎన్ని తప్పులు చేస్తుందో ఎవరు కొలిచారు?

పేర్ల సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాం, అది వేరే వ్యాసమే అవుతుంది. ఉర్దూలో ఒక్కటే అయిన షేక్ ఇంగ్లీషులోకి పోయేసరికి నాలుగు రకాల స్పెల్లింగులవుతుంది. బీ ఒకచోట ఒక అక్షరం, ఇంకోచోట మూడక్షరాలు. దూదేకుల ఇంట్లో మస్తానమ్మ ఒక కార్డులో మస్తాన్ బీ అవుతుంది, ఇంటిపేరు ముందో వెనకో పడుతుంది. వేలి బొమ్మను ఏ రూపంలో దాచాలో అంతర్జాతీయ ప్రమాణం ఉంది, మా అమ్మల పేర్లను ఎట్లా రాయాలో నమోదు కేంద్రంలో కూచున్న కుర్రాడి ఇష్టం. 2019 చివర్లో కాగితాల భయం ఇంటింటికీ వచ్చినప్పుడు మావాళ్లు రాత్రుళ్లు ట్రంకు పెట్టెలు తీసి ఒక్కో అక్షరం సరిచూసుకున్నది ఇందుకే.

జనం వర్గాలవారీగా తప్పులు ఎట్లా మారతాయో కొలిచే పద్ధతికి 2024లో 19795లోనే పదో భాగం వచ్చింది. కాబట్టి కొలవడం తెలియదన్న సాకు ఇక లేదు. మార్కాపురం పలకల కార్మికుల మీద, కనిగిరి పొగాకు కూలీల మీద, గోరింటాకు పెట్టిన చేతుల మీద, అరవై దాటిన వేళ్ల మీద కొలవండి. వచ్చిన లెక్కను తెలుగులో, ఉర్దూలో షాపు గోడ మీద అంటించండి. ఈలోపు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. బియ్యం ఇస్తే మిషన్‌లోంచి చీటీ వస్తుంది, ఇవ్వకపోతే ఏమీ రాదు. ముద్ర సరిపోనప్పుడు ఆధార్ వ్యవస్థ వెనక్కి పంపే సంకేతం 300, పేరు వివరాలు కలవనప్పుడు 100. ఆ అంకెను డీలర్ తెర మీద చూసి ఊరుకుంటాడు. దాన్నీ చీటీ మీద అచ్చు వేయాలి: తేదీ, ఎన్నిసార్లు వేలు పెట్టిందీ, ఏ సర్టిఫికెట్ నంబరున్న మిషన్ కాదన్నదీ. ఆ చీటీ పట్టుకుని ఆమె తహసీల్దారు ఆఫీసుకు వెళ్తుంది.